'మూలం: గూగుల్' నుంచి 'ఖండారే తదితరులు, 2002' దాకా: దర్శి వైపు ఒక హైస్కూల్లో ఫ్లోరైడ్ ప్రాజెక్టు

నేను ప్రకాశం జిల్లా దర్శి ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ స్కూల్ అసిస్టెంట్‌ని. జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ కోసం మా తొమ్మిదో తరగతి పిల్లలు తాగునీటిలో ఫ్లోరైడ్ మీద ఒక ప్రాజెక్టు చేశారు. ఆ ప్రాజెక్టులో వాళ్లు సమాచారం ఎక్కడ వెతికారు, దొరికినదాన్ని ఎలా తేల్చుకున్నారు, రిపోర్టులో దాని ఆధారాన్ని ఎలా రాశారు అన్నదే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి పని చేయాలనుకునే సైన్స్ టీచర్లకు పనికొస్తుందని నా నమ్మకం.

మన బడుల్లో ఫార్మేటివ్ పరీక్షలకు పిల్లలు ఇచ్చే ప్రాజెక్టులు చూసినవాళ్లకు చివరి పేజీ ఎలా ఉంటుందో తెలుసు. రంగు స్కెచ్ పెన్నుతో 'ఆధారాలు' అని శీర్షిక, కింద గూగుల్, యూట్యూబ్, పాఠ్యపుస్తకం. ఆ పేజీ ఉంటే మార్కులు వస్తాయి కాబట్టి పిల్లలు రాస్తారు. వాళ్లది బద్ధకం అని నేను అనుకోను. ఆ పేజీ దేనికో వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఉత్తరం మీద 'ప్రకాశం జిల్లా' అని మాత్రమే రాస్తే అది ఎవరికీ చేరదు. 'మూలం: గూగుల్' కూడా అలాంటి చిరునామానే. చదివినవాడు అనుమానం వచ్చి వెళ్లి చూద్దామనుకుంటే ఎక్కడికి వెళ్లాలి? ఈ ఒక్క ప్రశ్నతోనే నేను మొదలుపెట్టాను.

ఫ్లోరైడ్‌నే ఎందుకు తీసుకున్నామంటే, అది మా పిల్లల ఇళ్లలో ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే జబ్బు వస్తుంది, దాన్నే ఫ్లోరోసిస్ అంటారు. క్లాసులో కొందరికి గార పళ్లు. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునే అమ్మాయిలు ఉన్నారు. మోకాళ్లు వంగక మంచం దిగలేని నాయనమ్మలు, తాతలు దాదాపు ప్రతి వీధిలో కనిపిస్తారు. తాగడానికి క్యాన్ నీళ్లు, వంటకు బోరు నీళ్లు అనేది మా వైపు మామూలు సంగతి. అందుకే ఈ విషయం మీద వాట్సాప్‌లో సలహాలు కూడా విపరీతంగా తిరుగుతాయి. పిల్లలకు అవన్నీ కంఠతా వచ్చు. తాము నమ్మిన సంగతిని తామే పరీక్షించుకోవాల్సిన పరిస్థితి వస్తేనే ఆధారం విలువ తెలుస్తుంది. ఎక్కడో దూరాన ఉన్న కృష్ణబిలాల మీద ప్రాజెక్టు ఇస్తే ఆ పట్టుదల రాదు.

మొదటి వారం పిల్లల్ని ఒకటే అడిగాను: ఫ్లోరైడ్ గురించి మీ ఇంట్లో అనుకునే మాటలు రాసుకు రండి, ఒక్కో చీటీ మీద ఒక్కో మాట. చీటీలన్నీ గోడ మీద అంటించాం. నీళ్లు బాగా కాచితే ఫ్లోరైడ్ పోతుంది. పటిక వేస్తే పోతుంది. చింతపండు తింటే ఫ్లోరోసిస్ నయమవుతుంది. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితేనే ప్రమాదం. ఈ జబ్బు బోర్లు వేసిన తర్వాతే వచ్చింది, పాతకాలంలో లేదు. జట్టుకు ఒక చీటీ ఇచ్చి, ఇది నిజమో కాదో మీరే చెప్పండి, అయితే ఎవరు చెప్పగా తెలిసిందో కూడా చెప్పాలి అన్నాను.

కాచే చీటీ త్వరగానే తేలింది. ఫ్లోరైడ్ ఆవిరైపోయేది కాదు, నీరే ఆవిరవుతుంది, కాబట్టి కాచేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని మోతాదు పెరగాలి అని పాఠంలో చదివిన తర్కంతోనే పిల్లలు చెప్పారు. గ్రామ సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంట్ తన ఫీల్డ్ టెస్ట్ కిట్ తెచ్చి, కాచక ముందు ఒకసారి, సగానికి ఇగిరాక ఒకసారి పరీక్ష చేసి చూపించారు. రెండోసారి రంగుల కార్డులో ఎక్కువ వైపే చూపించింది. ఈ జట్టు రాసిన ఆధారం 'మా పరిశీలన', దాని పక్కన తేదీ, ఏ బోరు, ఏ కిట్. తాము చేసిన పరీక్ష కూడా ఆధారమే అని, దాన్ని కూడా ఇంకొకరు మళ్లీ చేసి చూడగలిగేలా రాయాలని పిల్లలకు ముందుగానే తెలియడం తర్వాత చాలా ఉపయోగపడింది.

పటిక చీటీలో సగం నిజం ఉంది. నీటిలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక వాడతారు. కానీ దానితోపాటు సున్నం కూడా, నీటిని పరీక్షించి లెక్కకట్టిన మోతాదులో వేస్తారు. బిందెలో పటిక ముక్క తిప్పితే జరిగే పని కాదు.

ఇక చింతపండు. ఎక్కువ సమయం దీనికే పోయింది. నా దృష్టిలో మొత్తం ప్రాజెక్టుకు ప్రాణం కూడా ఇదే. ఈ మాట వచ్చిన వాట్సాప్ మెసేజ్‌లో 'హైదరాబాద్ శాస్త్రవేత్తలు నిరూపించారు' అని ఉంది. పేరు లేదు, సంవత్సరం లేదు, సంస్థ లేదు. జట్టులోని ముగ్గురూ మొదట తెలుగులో వెతికారు. అదే మాటను ఒకరినుంచి ఒకరు ఎత్తి రాసిన ఆరోగ్య చిట్కాల పేజీలు వరసగా వచ్చాయి. పది చోట్ల ఉంది కాబట్టి నిజమే అయ్యుంటుందని ఒక అబ్బాయి అన్నాడు. ఆ పది పేజీలనూ క్లాసులోని ఐఎఫ్‌పీ ప్యానెల్ (పెద్ద టచ్ స్క్రీన్) మీద పక్కపక్కన పెట్టి చదివించాను. ఒకే వాక్యం, ఒకే అచ్చుతప్పు. అంటే పది మంది చెప్పలేదు, ఒకరు చెప్పినదాన్ని తొమ్మిది మంది దించుకున్నారు అని వాళ్లే తేల్చారు.

ఇక్కడ ఒక పరిశోధన గురించి చెప్పాలి. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ ఒక అధ్యయనం చేశారు. 10 మంది చరిత్ర ఆచార్యులు, 10 మంది వృత్తిరీత్యా వార్తల్ని సరిచూసేవాళ్లు, 25 మంది విద్యార్థులు తమకు తెలియని వెబ్‌సైట్లను ఎలా అంచనా వేస్తారో గమనించారు. ఆచార్యులూ విద్యార్థులూ చాలామంది ఆ పేజీలోనే ఉండిపోయి దాని రూపం, లోగో, పేరు చూసి తీర్పు చెప్పారు. వార్తల్ని సరిచూసేవాళ్లు మాత్రం వెంటనే ఆ పేజీ వదిలి, కొత్త ట్యాబులు తెరిచి, దాని గురించి బయట ఇతరులు ఏమంటున్నారో చూశారు. అందుకే వాళ్లు తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చారు. మన శిక్షణల్లో ఇంకా 'ప్రభుత్వ చిరునామా ఉంటే నమ్మండి, ప్రకటనలు ఉంటే నమ్మకండి' అనే జాబితాలు ఇస్తుంటారు. నేను ఆ దారిలో వెళ్లలేదు. తెల్లకోటు వేసుకుని ఎవరు మాట్లాడినా డాక్టరే అనుకునే వయసు వాళ్లది. జాబితా చూసి పాస్ చేయడం ఎంత సులువో, ఆ జాబితాకు తగ్గట్టు పేజీని తయారుచేయడం కూడా అంతే సులువు. పిల్లలకు నేను చెప్పింది ఒకటే: నాన్నా, ఆ పేజీలో కూర్చోవద్దు, బయటికి వచ్చి దీన్ని మొదట చెప్పింది ఎవరో వెతుకు.

అలా బయటికి వచ్చాక, ఇంగ్లీషులో చింతపండు, ఫ్లోరైడ్, హైదరాబాద్ అని కొట్టారు. ఒక పత్రికా వార్తలో జాతీయ పోషకాహార సంస్థ పేరు దొరికింది. ఆ పేరు కూడా కలిపి, పరిశోధన పత్రాల్ని వెతికే గూగుల్ స్కాలర్‌లో చూస్తే అసలు పత్రం బయటపడింది. ఎ. ఎల్. ఖండారే, మరో ఇద్దరు కలిసి రాసినది, 2002లో యూరోపియన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ న్యూట్రిషన్ 56వ సంపుటంలో 82వ పేజీ నుంచి 85వ పేజీ దాకా అచ్చయింది. దాని సారాంశం వైద్య పరిశోధన పత్రాల వెబ్‌సైట్ పబ్‌మెడ్‌లో ఉచితంగా దొరుకుతుంది.

ఇంగ్లీషు సారాంశం చూడగానే పిల్లలకు టెన్షన్ పట్టుకుంది. అంతా చదవొద్దు, నాలుగు ప్రశ్నలకు జవాబు వెతకండి అన్నాను. ఎవరి మీద చేశారు? వాళ్లకు ఏమిచ్చారు? ఏమి కొలిచారు? చివరికి ఏమన్నారు? రెండు పీరియడ్లు పట్టింది. తెలియని మాటలకు డిక్షనరీ, విసర్జన పాఠం, నేను. మెల్లగా బోర్డు మీద జవాబులు వచ్చాయి. హైదరాబాద్‌లో ఒక సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉండే 18 మంది ఆరోగ్యవంతులైన బాలురు. రోజూ మధ్యాహ్న భోజనంతో 10 గ్రాముల చింతపండు, 18 రోజులు. కొలిచింది మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్. చింతపండు లేని ఆహారంతో రోజుకు 3.5 మిల్లీగ్రాములు పోతే, చింతపండుతో 4.8 మిల్లీగ్రాములు పోయింది. మెగ్నీషియం, జింక్ మాత్రం మూత్రంలో తక్కువగా పోయాయి. చివరి మాట: ఫ్లోరోసిస్ ముదరడాన్ని ఆలస్యం చేయడానికి ఇది తోడ్పడే అవకాశం ఉంది.

మొదటి ప్రశ్న జవాబు దగ్గరే ఒక అమ్మాయి ఆగిపోయింది. "మేడం, వీళ్లకు అసలు జబ్బే లేదు కదా! జబ్బు లేనివాళ్లకు నయమైందని ఎట్టా అంటారు?" అని అడిగింది. ఆ ప్రశ్న వినగానే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇంకొకడు 18 రోజులేగా అన్నాడు. "అయితే మా పెదనాన్న పంపిన మెసేజ్ అబద్ధమా మేడం?" అని మూడోవాడు బాధపడ్డాడు. వాడికి నిదానంగా చెప్పాల్సి వచ్చింది. మీ పెదనాన్న అబద్ధం చెప్పలేదు. ఆ మెసేజ్‌కు వేరు నిజంగానే ఉంది, హైదరాబాద్ శాస్త్రవేత్తలు నిజంగానే ఉన్నారు, చింతపండు మీద పని నిజంగానే చేశారు. వాళ్లు 'తోడ్పడే అవకాశం ఉంది' అన్నది చేతులు మారేకొద్దీ 'నయమవుతుంది' అయింది.

పిల్లలకు పచ్చి అబద్ధాన్ని పట్టుకోవడం నేర్పడం పెద్ద కష్టం కాదు. వాళ్లను ఎక్కువగా దారి తప్పించేది ఇలా సాగదీసిన నిజమే. దాన్ని పట్టుకోవాలంటే మూలం దాకా వెళ్లి, అక్కడ కొలిచింది ఏమిటో చదవడం తప్ప దారి లేదు. మూలం ఉందా లేదా అని చూసి ఆగిపోతే చాలదు.

ఆ జట్టు మొదట రాసిన వాక్యం: "చింతపండు ఫ్లోరోసిస్‌ను నయం చేస్తుందని శాస్త్రవేత్తలు నిరూపించారు." తర్వాత రాసింది: "ఆరోగ్యంగా ఉన్న 18 మంది బాలురకు 18 రోజులు చింతపండు ఇచ్చినప్పుడు మూత్రంలో ఫ్లోరైడ్ విసర్జన పెరిగింది (ఖండారే తదితరులు, 2002). జబ్బు ఉన్నవారికి నయమవుతుందని ఈ పత్రం చెప్పలేదు." ఆధారాల పేజీలో వివరాల చివర 'సారాంశం మాత్రమే చదివాం' అని కూడా రాయించాను. చదివినంతే చదివామని చెప్పుకోవడం పెద్ద పరిశోధకులకు కూడా ఉండాల్సిన అలవాటు.

'ఒకటిన్నర' చీటీ తీసుకున్న జట్టులో గొడవే జరిగింది. ఒక అమ్మాయి పరిమితి లీటరుకు 1.0 మిల్లీగ్రాము అంటుంది, ఇంకో అమ్మాయి 1.5 అంటుంది, ఇద్దరి దగ్గరా ఆధారం ఉంది. రెండూ తెచ్చి పక్కన పెడితే తేలింది ఏమిటంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ 1.5. భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 10500, 2012 ప్రతిలో ఆమోదనీయ పరిమితి 1.0, వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 దాకా అనుమతి. ఇద్దరూ సరే. ఎవరి ప్రమాణం, ఏ సంవత్సరపు ప్రతి అన్నది రాయకపోవడం వల్లే గొడవ. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రంలోనే ఇంకో సంగతి ఉంది: దేశాలు తమ ప్రమాణం పెట్టుకునేటప్పుడు అక్కడి ప్రజలు ఎన్ని నీళ్లు తాగుతారో, ఇతరత్రా ఎంత ఫ్లోరైడ్ లోపలికి పోతుందో చూసుకోవాలని. మే నెలలో దర్శి ఎండలో చేల మీద పనిచేసేవాళ్లు ఎన్ని చెంబులు తాగుతారో మా పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ ఒక్క వాక్యాన్ని వాళ్లు రిపోర్టులో ప్రత్యేకంగా ఎత్తి రాశారు.

పాతకాలంలో ఈ జబ్బు లేదన్న చీటీ దగ్గర వెతకడం ఒక కళ అని పిల్లలకు అర్థమైంది. 'ప్రకాశం జిల్లా, ఫ్లోరోసిస్' అని వెతికితే ఇటీవలి పత్రాలే వచ్చాయి. దాంతో జబ్బు కూడా ఇటీవలిదే అని రాసేయబోయారు. మన జిల్లా ఎప్పుడు పుట్టింది అని అడిగాను. సోషల్ మాస్టారి దగ్గరికి పరిగెత్తారు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా ఏర్పడింది, 1972లో ప్రకాశం అని పేరు మార్చారు, అంతకుముందు దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఈసారి నెల్లూరు అని కొట్టి వెతికారు. 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో అచ్చయిన పత్రం దొరికింది: 'ఎండెమిక్ ఫ్లోరోసిస్ ఇన్ ది నెల్లూర్ డిస్ట్రిక్ట్ ఆఫ్ సౌత్ ఇండియా', రాసినవారు షార్ట్, పండిట్, రాఘవాచారి. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను గుర్తించి రాసిన తొలి పత్రాల్లో ఇదొకటి. పబ్‌మెడ్ సెంట్రల్‌లో పాత పేజీల ఫోటోలు ఉచితంగా ఉన్నాయి. ప్యానెల్ మీద ఆ పేజీలు తెరిచినప్పుడు క్లాసంతా లేచి ముందుకు వచ్చింది. తమ వైపు జనం పడిన బాధ దాదాపు తొంభై ఏళ్ల కిందటే శాస్త్ర పత్రికలో ఉందని, దాన్ని తామే వెతికి పట్టుకున్నామని వాళ్లకు ఎంత గర్వమో! ఆ చీటీ మీద 'తప్పు' అని రాసింది పిల్లలే.

ఇదే జట్టు ఇళ్లలోని పెద్దలతో కూడా మాట్లాడింది. "నాయనమ్మా, నీ చిన్నప్పుడు ఏ బావి నీళ్లు తాగేవాళ్లు?" అని అడిగి రాసుకొచ్చారు. పెద్దల మాటలకు కూడా రిపోర్టులో చోటిచ్చాం, కానీ వేరే శీర్షిక కింద: ఎవరితో మాట్లాడారు, వయసు, ఊరు, తేదీ. పెద్దవాళ్ల జ్ఞాపకం విలువైనది. ఏ బావి నీళ్లు ఉప్పగా ఉండేవో, ఏ వీధిలో మోకాళ్ల జబ్బులు ఎక్కువో వాళ్లే చెప్పగలరు. ఆ జబ్బు ఫ్లోరైడ్ వల్లేనా అన్నది మాత్రం ఆ మాటతో తేలదు. ఈ తేడాను పిల్లలు నేననుకున్నదాని కంటే సులువుగా పట్టుకున్నారు.

కృత్రిమ మేధ సంగతి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోన్‌లో అది ఉంది. ఒక అబ్బాయి చాట్‌బాట్‌ను అడిగి చక్కని ఆధారం తెచ్చాడు. రచయితల పేర్లు, పత్రిక, సంపుటం, పేజీలు అన్నీ ఉన్నాయి. చూడటానికి ఖండారే పత్రం ఆధారం కంటే అందంగా ఉంది. ఆ పత్రిక నిజంగానే ఉంది. దాని సైట్లోకి వెళ్లి ఆ సంపుటం, ఆ పేజీలు తీస్తే అక్కడ ఇంకేదో విషయం మీద వేరే వ్యాసం. ఆ పేరుతో పత్రం ఎక్కడా లేదు. చాట్‌బాట్ మాటల్ని అల్లుతుంది, ఆధారం ఆకారాన్ని కూడా అలాగే అల్లగలదు. ఆ రోజు నుంచి మా క్లాసులో ఒకటే నియమం: తెరిచి చదవనిది ఆధారాల్లో రాయకూడదు. చాట్‌బాట్‌ను అడగొచ్చు, ఏ మాటలతో వెతకాలో చెప్పించుకోవచ్చు, కఠినమైన వాక్యాన్ని వివరించమనొచ్చు. దాని మాటను మూలంగా చూపించకూడదు. వికీపీడియాకు కూడా ఇదే పద్ధతి పెట్టాం. తెలుగు వికీపీడియా వ్యాసం చదివి, కింద 'మూలాలు' దగ్గరికి వెళ్లి, ఆ మూలాన్ని తెరిచి, దాన్ని చూపించాలి.

మరి పత్రికలో అచ్చయిందంటే నిజమేనా అని ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. పిల్లలకు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకు ఆటిజంతో సంబంధం కలిపిన వేక్‌ఫీల్డ్ పత్రం 1998లో లాన్సెట్ లాంటి పెద్ద పత్రికలోనే వచ్చిందని, 12 మంది పిల్లల మీద చేసిన పని అని, 2010లో ఆ పత్రిక దాన్ని వెనక్కి తీసుకుందని చెప్పాను. ఒక్క పత్రం మీద ఆధారపడకుండా, అదే విషయం మీద ఇంకెవరు ఏమన్నారో కూడా చూడాలన్నది అక్కడినుంచి సహజంగానే వచ్చింది.

ఆధారం రాసే తీరు గురించి ఎక్కువ చెప్పను. విదేశీ శైలుల్లో కామాలు ఎక్కడ, వాలు అక్షరాలు ఎక్కడ అని తొమ్మిదో తరగతి వాళ్లను విసిగించడం అనవసరం. ఎవరు రాశారు, ఏ సంవత్సరం, శీర్షిక ఏమిటి, ఎక్కడ అచ్చయింది, వెబ్ పేజీ అయితే ఎప్పుడు చూశాం. వీటికి నేను ఒకటి చేర్చాను: దీన్నుంచి నేను తీసుకున్న మాట ఏది. ఈ చివరి గడి నింపాలంటే చదవక తప్పదు. ప్రతి పిల్లవాడికి దీనికోసం విడిగా ఒక నోటుబుక్ పెట్టించాను. దొరికిన వెంటనే అందులో రాయాలి, చివర్లో గుర్తు తెచ్చుకుని రాయడం కుదరదు.

ఫలితం గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. ప్రాజెక్టు రిపోర్టులో ప్రతి ముఖ్యమైన వాక్యం పక్కన ఆధారం వచ్చింది. పిల్లల వాక్యాలు మారాయి. 'నిరూపించారు' అనే మాట తగ్గి, ఎవరి మీద, ఎంతమంది మీద, ఎన్ని రోజులు అనేవి వచ్చాయి. ఆ మార్పే నాకు ముఖ్యం. కానీ తర్వాతి ఫార్మేటివ్‌లో వేరే సబ్జెక్టుల ప్రాజెక్టుల్లో చాలామంది మళ్లీ 'మూలం: గూగుల్' అనే రాశారు. అక్కడ ఎవరూ అడగలేదు. ఒక్క టీచరు అడిగితే అది ఆ టీచరు పట్టుదలగానే మిగిలిపోతుంది. స్టాఫ్ రూమ్‌లో ఈ సంగతి పెట్టాను. సోషల్ మాస్టారు, ఫిజిక్స్ మేడం ఒప్పుకున్నారు.

పెద్ద ఇబ్బంది భాష. ఇంట్లో మాట్లాడేది తెలుగు, నమ్మదగ్గ మూలం ఎక్కువగా ఇంగ్లీషు. చెకుముకి లాంటి తెలుగు పిల్లల సైన్స్ పత్రికలు బడికి వస్తే పిల్లలు ఆసక్తిగా చదువుతారు. అయినా ఫలానా జిల్లా నీటి లెక్కలు కావాలంటే కేంద్ర భూగర్భ జల మండలి నివేదికే దిక్కు, అది ఇంగ్లీషులోనే ఉంటుంది. పిల్లలకు ఇంగ్లీషు వచ్చేదాకా ఆగుదామంటే ఈ పని ఎప్పటికీ మొదలవదు. నాలుగు ప్రశ్నల పద్ధతి ఇందుకే పనికొచ్చింది. ఈసారి పిల్లలు నింపిన జవాబుల్ని తెలుగులో చార్టులుగా రాయించి లైబ్రరీలో పెడుతున్నాం, తర్వాతి తరగతి వాళ్లకు అవి మొదటి మెట్టు అవుతాయి.

ఈ ఏడాది ఎనిమిదో తరగతితో మొదలుపెట్టాను. వానలు పడ్డాక ఊళ్లో డెంగీ భయం ఉంది కాబట్టి గోడ మీద మొదట పడిన చీటీ 'బొప్పాయి ఆకు రసం తాగితే డెంగీ తగ్గుతుంది'. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల సంఖ్య కొలిచిన పత్రాలు దొరికాయి. ఎవరి మీద చేశారు, ఏమి కొలిచారు అన్న రెండు గడులు నింపారు. ప్లేట్‌లెట్లు పెరగడమూ రోగి కోలుకోవడమూ ఒకటేనా అన్న దగ్గర ఇప్పుడు వాదన నడుస్తోంది. పీహెచ్‌సీ డాక్టరు గారిని ఏమేమి అడగాలో ప్రశ్నలు రాసుకుంటున్నారు.